నీళ్ళ కింది ఇప్పలచెలక

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆ బడిలో గొంతులు ఒక్కొక్కటే అణిగిపోతాయి. కరీంనగర్ కోతిరాంపూర్‌లో ఒక డాబా ఇంటి కింది వాటాలో నడిచే చిన్నపిల్లల బడి అది. చాపల మీద పరిచిన బొంతల మీద పసివాళ్ళు కొందరు బోర్లా, కొందరు పక్కవాడి మీద కాలు వేసి నిద్రపోతారు. టీచరమ్మలు అవతలి గదిలో టిఫిన్ డబ్బాలు విప్పుకుంటారు. పిల్లల దగ్గర తారాబాయి ఒక్కతే ఉంటుంది. గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని, కదిలిన బిడ్డను జోకొడుతూ, పక్క తడిపిన బిడ్డకు చెడ్డీ మారుస్తూ కూర్చోవడమే ఆమె ఉద్యోగం. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పిల్లల ఊపిరి మెల్లమెల్లగా ఒకే లయలోకి వస్తుంది. ఆ లయలో ఆమె కళ్ళు కూడా మూతలు పడతాయి. చెవులు మాత్రం మేలుకొనే ఉంటాయి.

అలా కళ్ళు మూసినప్పుడల్లా ఆమె రేగులవాడకు పోతుంది.

రేగులవాడ ఇప్పుడు లేదు. మానేరు మీద డ్యాం కట్టినప్పుడు వేములవాడ వైపు మునిగిన ఊళ్ళలో అదొకటి. కలలో మాత్రం ఊరు ఎక్కడిదక్కడే ఉంది. నీళ్ళుంటాయి, కానీ తడపవు. వంటింటి కిటికీలోంచి చేపపిల్లలు లోపలికి వచ్చి, ఉట్టి కింద కాసేపు ఆడుకొని, వెనక తలుపునుంచి దొడ్లోకి పోతాయి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. ఆవిరి బుడగలు బుడగలుగా లేచి ఎక్కడో పైన వెలుతురులో కలుస్తుంది. ఆమె గిన్నె మీద మూత సర్దుతుంది. వాకిట్లోంచి ఎవరో పిలుస్తారు. ఎవరో చూసేలోపు ఏ పిల్లవాడో ఏడుస్తాడు. కల తెగుతుంది.

తారాబాయిది జగిత్యాల వైపు ఊరు. ఉన్నవాళ్ళ ఇంట్లోంచి ఉన్నవాళ్ళ ఇంట్లోకే కోడలుగా వచ్చింది. పెళ్ళప్పుడు ఆమె తండ్రి తమ ఊళ్ళో ఇంత భూమి అమ్మి, ఆ పైసలతో అల్లుడి ఊరు రేగులవాడలోనే రెండెకరాల మెట్టచెలక కొని బిడ్డ పేర రాయించాడు. "ఎవలింటికి పోయినా నీ కాలు కింద నీ మట్టి ఉండాలె బిడ్డా" అన్నాడు. ఆ చెలక నడుమ ఒక ఇప్పచెట్టు ఉండేది. అందుకని దాన్ని ఇప్పలచెలక అనేవాళ్ళు. ఎండలు ముదిరేవేళ తెల్లారగట్ల ఆ చెట్టు కింద నేలంతా పూలు రాలి ఉండేవి. వాటి వాసనకు తల తేలికయ్యేది. కొత్త కోడలు తారాబాయి ఇంట్లోవాళ్ళు లేవకముందే అక్కడికి నడిచిపోయి, కొంగునిండా పూలు ఏరుకొని వచ్చేది. వాటిని ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఎండబెట్టేది, అంతే.

భర్త రాజేశ్వర్‌రావు కొట్టిన మనిషి కాదు, తిట్టిన మనిషీ కాదు. ఎప్పుడూ పనే ఆయన లోకం. పొద్దున లేచింది మొదలు ట్రాక్టరో, బోరుబావో, మిల్లో, ఏదో ఒకటి ఆయన వెంట తిరుగుతుండేది. ఊరు మునుగుతుందని తెలిసిన రోజున కూడా అందరూ తలలు పట్టుకుంటే, ఆయన వేములవాడలో జాగా చూడటానికి పోయాడు. నీళ్ళు రాకముందే కొత్త ఇల్లు లేచింది, పక్కనే రైస్ మిల్లు లేచింది. ఇల్లంతా నున్నటి బండలు, ఎటు చూసినా అద్దాలు. ఆ ఇంట్లో తారాబాయి తెల్లవారుజామున లేచి దొడ్డి తలుపు కోసం పోయి గోడను తడిమేది. తలుపు అక్కడ లేదని గుర్తుకు వచ్చేదాకా అలాగే నిలబడేది.

కొత్త ఇంటికి వచ్చి రెండేళ్ళయిన సందర్భంలో చుట్టాలను భోజనాలకు పిలిచారు. ఎవరో ఆడమనిషి అడిగింది, కొత్త ఇల్లు ఎట్లున్నదక్కా అని.

"మంచిగనే ఉన్నది" అంది తారాబాయి. "నిన్న పాతింట్ల మామిడి తొక్కు పెట్టిన. జాడీకి గుడ్డ కట్టెటాల్లకు మెలుకువొచ్చింది."

వడ్డించేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. రాజేశ్వర్‌రావు నవ్వేశాడు. "మా ఇంటామెకు రెండిండ్లు. కాపురం ఆడ, తిండి ఈడ" అన్నాడు. అందరూ నవ్వారు. తారాబాయీ నవ్వింది.

కోపం రాలేదు. కానీ ఆ రోజునుంచి ఆయనతో చెప్పడానికి ఆమె దగ్గర మాట లేకుండా పోయింది. ఆయన కూడా అడగలేదు. వానాకాలం గడిచింది. ఒకనాడు ఆమె నాలుగు చీరలు సంచిలో పెట్టుకొని కరీంనగర్ బస్సెక్కింది. దూరపు చుట్టమొకామె నడిపే బడిలో పిల్లలను చూసుకునే పని దొరికింది. పైన ఒక గది కిరాయికి దొరికింది. దొరసాని ఆయా పనికి పోయిందట అని చుట్టాల్లో గుసగుస. రాజేశ్వర్‌రావు పిలవడానికి రాలేదు. మూడో ఏడు కోర్టు నోటీసు పంపించాడు. విడిచిపెట్టి పోయింది కాబట్టి విడాకులు ఇప్పించమని అందులో రాసి ఉంది.

* * *

కోర్టు సందులో జిరాక్స్ దుకాణం మీది అంతస్తులో వకీలు అనసూర్య ఆఫీసు. ముప్ఫై దాటిన పిల్ల. వేగంగా మాట్లాడుతుంది, మాట్లాడుతూనే రాస్తుంది. తారాబాయి తరఫున మనోవర్తి కోరుతూ ఆమే దరఖాస్తు వేసింది. దాని మీద జడ్జి గారు ఇద్దరినీ ఆస్తి అప్పుల వివరాలు ప్రమాణపూర్వకంగా రాసి ఇమ్మన్నారు.

"అమ్మా, గిదే ఆ అఫిడవిట్ నమూనా" అంది అనసూర్య, పేజీలు ముందుకు తోస్తూ. "మీకేమున్నది, నెలకెంత వస్తది, ఎంత ఖర్చయితది, సారుకేమున్నదో మీకెరుక ఉన్నంతమట్టుకు, అన్నీ రాయాలె. ఆయన గూడ గిట్లనే రాసియ్యాలె. అబద్ధం రాస్తే కోర్టు ఊకోదు."

"నిజం చెప్తే సాలా బిడ్డా?"

"సాలది. దానికి కాయితం గూడ జోడియ్యాలె."

తారాబాయి ఆ పేజీలను తిప్పి చూసింది. ఎన్ని గళ్ళో! ఒక్కొక్క గడీ ఒక్కొక్క గది తలుపులా కనిపించింది ఆమెకు. తీస్తే లోపల ఎవరున్నారో తెలియని తలుపులు.

సాయంత్రాలు బడి అయ్యాక ఆమె ఆ ఆఫీసుకు పోయేది. ఆమెతో పని తొందరగా కాదని అనసూర్యకు రెండో రోజే తెలిసిపోయింది. నగల గడి దగ్గరికి వచ్చినప్పుడు గుండ్లపేరు అని ఒక్క మాట చెప్పి, తారాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఆ బంగారు గుండ్ల దండ తల్లి మెడలో ఉన్నప్పటి చప్పుడు వినిపిస్తున్నది. తల్లి విసుర్రాయి తిప్పుతుంటే గుండ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగేవి. పిండి పడుతున్న చప్పుడులో ఆ చప్పుడు కలిసి, పక్కన పడుకున్న పిల్లకు నిద్ర ముంచుకొచ్చేది. అనసూర్య పెన్ను మూత పెట్టి, చాయ్ చెప్పి, ఎదురుచూసింది. అలా ఎదురుచూడటం ఆమెకూ కొత్తగానే ఉంది.

"ఎన్ని తులాలుంటదమ్మా?" అంది, చాయ్ వచ్చాక.

"తూకమెప్పుడు వెయ్యలే. రేపు కంసలాయన కాడికి తీస్కపోత."

జీతం చేతికే ఇస్తారు కాబట్టి బడి నడిపే ఆమె ఒక కాయితం రాసిచ్చింది. బ్యాంకు పుస్తకంలో ఎంట్రీలు కొట్టించారు. వేరే రాబడి ఏమైనా ఉందా అంటే తారాబాయి కాసేపు ఆలోచించి, "కొడుకు నెలకో బియ్యం బస్తా దించిపోతడు" అంది.

"దాన్ని రాబడి అందామా?"

"తింటున్న గదా. రాయి."

ఖర్చుల్లో వినోదానికి ఎంత అని ఒక గడి ఉంది. అది చదవడానికి అనసూర్యకే మొహమాటం వేసింది.

"మధ్యాహ్నం పిల్లలు పండుకున్నప్పుడు జర కన్ను మలిగి కలలొస్తయి" అంది తారాబాయి. "దానికి పైసలేం కావు బిడ్డా." అనసూర్య ఆ గడిలో అడ్డగీత పెట్టింది. పెట్టి, నవ్వు ఆపుకోలేక నవ్వింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ తరువాతి పేజీ భూముల గురించి.

"మీ పేర భూమేమన్న ఉన్నదా అమ్మా?"

"రెండెకరాలు. ఇప్పలచెలక."

"ఏడ?"

"నీళ్ళల్ల."

అనసూర్య తలెత్తింది. అప్పుడు తారాబాయి మొత్తం చెప్పింది. తండ్రి కొనిచ్చిన సంగతి, ముంపులో పోయిన సంగతి, పరిహారం చెక్కు వచ్చినప్పుడు భర్త చూపించిన చోటల్లా సంతకాలు పెట్టిన సంగతి. "మిల్లుకు పెట్టిన అన్నడు. నేను గూడ సరే అన్న. గప్పుడు అదంత ఒక్కటే ఇల్లు గదా" అంది.

"గిది శానా ముఖ్యం. అది మీ సొంత భూమి. మీ పేర పరిహారం వచ్చినట్టు కాయితం దొరకవట్టాలె. సారు తన అఫిడవిట్‌ల గిది రాస్తడని నాకైతే నమ్మకం లేదు."

భూసేకరణ ఆఫీసులో గుమస్తా మర్యాదగానే కుర్చీ చూపించాడు. కాని అక్కడి రికార్డులన్నీ సర్వే నంబర్ల వరసలో ఉన్నాయి. ఇప్పలచెలక అంటే ఆయనకు ఏం తెలుస్తుంది? "నంబర్ తీసుకురండమ్మా, నకలు తొందరగనే ఇస్తం" అన్నాడు.

నంబరు తారాబాయికి తెలియదు. ఆ చెలకలో ఏ మూల మట్టి ఎర్రగా ఉంటుందో తెలుసు, వాన పడితే నీళ్ళు ఎటు పారుతాయో తెలుసు. నంబరుతో ఎన్నడూ పని పడలేదు. ఆ ఆదివారం బియ్యం బస్తా దించడానికి వచ్చిన కొడుకును అడిగింది. విక్రాంత్ తండ్రితో కలిసి మిల్లు చూసుకుంటాడు. మెట్లమీద కూర్చొని చెమట తుడుచుకుంటూ తల వంచుకున్నాడు.

"పాత కాయితాలన్ని బాపు బీరువల ఉన్నయమ్మా. తాళం ఆయన కాడనే. నేను చాటుకు తీసి తెస్తే మీ ఇద్దరి నడుమ నేను దొంగనైత."

"వద్దు బిడ్డా. నువ్వు నాకు బియ్యం తెస్తున్నవు, గంతే సాలు" అంది ఆమె.

* * *

మరి ఇంకెవరికి తెలుస్తుందని ఆలోచిస్తే గంగయ్య గుర్తుకు వచ్చాడు. ఇప్పలచెలకను చాలా ఏళ్ళు పాలుకు తీసుకొని సాగు చేసిన మనిషి. నిర్వాసితులకు కట్టిన కాలనీలో ఉంటాడు. భూమి పోయాక వల పట్టాడు. బడికి సెలవు పెట్టి తారాబాయి బస్సులో పోయింది. ఎండాకాలం నడిమధ్య. కాలనీలో ఇళ్ళన్నీ ఒకే తీరుగా, ఎండకు తెల్లగా మెరుస్తూ ఉన్నాయి. గంగయ్య ఇంట్లో లేడు, నీళ్ళ దగ్గర ఉన్నాడని చెప్పారు.

ఒడ్డున వల సర్దుకుంటున్న గంగయ్య ఆమెను చూసి గబగబా తలరుమాలు తీశాడు. "దొరసానీ! మీరేంది, గీ ఎండల గిట్లొచ్చిండ్లు? కబురు జేస్తే నేనే రాకపోదునా?"

తారాబాయి వచ్చిన పని చెప్పింది. గంగయ్య తల అడ్డంగా ఊపాడు. "దున్నిన, ఇత్తునాలేసిన, కోసిన. నంబరు మాత్రం నాకెర్కలే. నంబరంటే దొరకే ఎర్క."

ఆమె అలాగే నీళ్ళవైపు చూస్తూ నిలబడింది. గంగయ్య ఏమనుకున్నాడో, "జాగ సూస్తరా? నీళ్ళు తగ్గినయి. తీస్కపోత" అన్నాడు.

చిన్న నాటుపడవ. ఆమె నడుమ కూర్చుంది. తెడ్డు ఒక్కొక్కసారి నీళ్ళలో దిగినప్పుడు మెత్తని చప్పుడు, పైకి లేచినప్పుడు చుక్కలు రాలే చప్పుడు, మధ్యలో ఏమీ లేదు. ఒడ్డు మెల్లగా వెనక్కి పోయింది. ఎండ నీళ్ళమీద పరుచుకొని, నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. పడవ ఎందులో తేలుతున్నదో చెప్పడం కష్టంగా ఉంది.

"గిది మీ బజారు" అన్నాడు గంగయ్య, తెడ్డు ఆపకుండానే. "గీ దిక్కు తిరిగితె మీ ఇల్లు. గోడలు పోయిన ఏడు దాక కనవడ్డయి. ఇప్పుడు కూలినట్టున్నయి."

తారాబాయి వంగి చూసింది. ఆకుపచ్చని లోతు. ఆ లోతులో ఎండ పట్టీలు పట్టీలుగా దిగి, కదులుతూ, కదులుతూ కనిపించకుండా పోతున్నది. ఏదో చేప తెల్లగా తళుక్కుమని మాయమైంది. ఏ కిటికీలోంచి వచ్చిందో. ఆమె ఇంటి మీద నుంచి పోతున్నానని అనుకోలేదు. ఇంట్లోకే వచ్చినట్టు, నడిమింట్లో ఎవరినీ లేపకుండా మెల్లగా నడుస్తున్నట్టు అనిపించింది. గంగయ్య కూడా ఆ తరువాత గొంతు తగ్గించే మాట్లాడాడు.

చాలాసేపటికి పడవ నిలిచింది. ముందర నీళ్ళలోంచి నల్లని కొమ్మలు నాలుగైదు లేచి ఉన్నాయి. ఆకు లేదు, బెరడు లేదు. కొమ్మకొకటి చొప్పున నీటికాకులు రెక్కలు విప్పుకొని ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి.

"ఇప్పచెట్టు దొరసానీ. ఎండాకాలం కొన బయటవడ్తది. మల్ల వానలకు మునుగుతది."

తారాబాయి ఒక కొమ్మను పట్టుకుంది. పడవ కొంచెం ఊగి, నిలకడ పడింది. కొమ్మ వేడిగా, నున్నగా ఉంది. ఆమె వేళ్ళు వాసన చూసుకుంది. ఎండిన కట్టె వాసన తప్ప మరేమీ లేదు. అయినా ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ కలలో పచ్చగా ఉన్న చెట్టును ఇలా చూస్తే గుండె ఆగుతుందనుకుంది. ఆగలేదు. చెట్టు చనిపోయి నిలబడి ఉంది, దాని మీద పక్షులు కూర్చున్నాయి. చూడటానికి అది మంచిగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు గంగయ్య అన్నాడు. "దొర గూడ వస్తుంటడు గదా."

"ఏ దొర?"

"మన దొరనే. నెలకోసారన్న వస్తడు. అగో, ఆ కట్ట మీద కారు ఆపుకుంటడు. దిగి, నీళ్ళ దిక్కు సూసుకుంట కూసుంటడు. నేనొకసారి పోయి, పడవల తీస్కపోవాల్నా దొరా అని అడిగిన. వద్దురా అన్నడు. గానీ నాకు ఆయన కండ్లల్ల నీళ్ళు గానవడ్డయి. మల్ల ఎన్నడు పోలే ఆయన కాడికి."

పడవ ఒడ్డుకు తగిలింది. తారాబాయి దిగడం మరిచిపోయి కూర్చుంది.

కట్ట మీదికి ఎక్కాక, ఆటో కోసం నిలబడి, ఫోను తీసింది. మూడేళ్ళుగా ఆ నంబరు ఫోనులో ఉంది. ఒక్కసారీ నొక్కలేదు.

"ఎవలు?" అంది అవతలి గొంతు. వెనకాల మిల్లు మోగుతున్నది.

"నేను."

మిల్లు చప్పుడు దూరమైంది. ఎక్కడో తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"చెప్పు" అన్నాడు రాజేశ్వర్‌రావు.

"ఇప్పలచెలక సర్వే నంబరు కావాలె. కోర్టు కాయితంల రాయాలె."

"నా మీద వేసే కాయితానికి నంబరు నన్నే అడుగుతున్నవా?"

"వేరే ఎవలకు ఎర్కలేదన్నరు."

పెట్టేశాడేమోనని ఆమె ఫోను చెవినుంచి తీసి చూసింది. లేదు, ఉన్నాడు.

"రాసుకో" అన్నాడు చివరికి. "మూడువందల పద్దెనిమిది బై ఆ. రెండెకరాల మూడు గుంటలు. మీ బాపు రెండే అనుకొని కొన్నడు. కొలిపిచ్చిననాడు మూడు గుంటలు ఎక్కువొచ్చింది. గా రోజు ఆయన సంబురం జూడాలె నువ్వు."

ఆమెకు ఆ సంగతి తెలియదు. తండ్రి ఎన్నడూ చెప్పలేదు. కలంతో అరచేతిలో నంబరు రాసుకుంది.

"మీరు గూడ కట్ట కాడికి వస్తున్నరట" అంది.

"ఎవలు చెప్పిండ్లు? గంగయ్యనా?" అని, జవాబు కోసం ఆగకుండా, "నీళ్ళు తగ్గినయా?" అని అడిగాడు.

"తగ్గినయి. ఇప్పచెట్టు కొన కనవడ్తుంది. ముట్టుకున్న."

"గట్లనా" అన్నాడు.

ఆమె చెవిలో గాలి చప్పుడు, ఆయన చెవిలో కూడా అదే గాలి చప్పుడు అయి ఉంటుంది. ఆటో వచ్చి హారన్ కొట్టింది.

* * *

నంబరు దొరికాక భూసేకరణ ఆఫీసులో నకలు దొరికింది. అందులో ఆమె పేరు ఇంటి పేరుతో సహా, తండ్రి పేరుతో సహా ఉంది. అనసూర్య అన్ని కాయితాలూ వరస పెట్టి కుట్టింది. సంతకాలు పెట్టేముందు తారాబాయి ప్రతి పేజీ చదివింది. ఇదివరకు ఎన్నడూ చదవకుండా పెట్టిన సంతకాలకు బదులు అన్నట్టు, తొందరపడకుండా, కూడబలుక్కుంటూ చదివింది. ఇన్ని గళ్ళలో తనవని రాసుకున్నవాటిలో కొన్ని ఆమెకే కొత్తగా కనిపించాయి. బియ్యం బస్తా దగ్గర నవ్వుకుంది. నీళ్ళ కింది భూమి దగ్గర వేలు పెట్టి, ఆ వాక్యం రెండోసారి చదివింది.

అవతలి పక్షం అఫిడవిట్ నకలు వచ్చిన రోజు అనసూర్య ఫోను చేసి పిలిపించింది. కాయితాలు ముందర పెట్టుకొని, చదవకుండా ఆమె మొహం వైపే చూస్తున్నది.

"అమ్మా, నేను వేరే ఏదో అనుకున్న. సారు ఆస్తులల్ల మిల్లు, ఇల్లు, జాగలు అన్నీ రాసిండు. గవి సరే. గీ అప్పుల కాడ చూడుండ్లి."

బ్యాంకు అప్పు ఒకటి ఉంది. దాని కింద ఉన్న వాక్యాన్ని తారాబాయి మెల్లగా చదివింది. రేగులవాడ గ్రామంలో సర్వే నంబరు 318/ఆ గల రెండెకరాల మూడు గుంటలు నా భార్య తారాబాయికి ఆమె తండ్రి ఇచ్చిన భూమి. దాని ముంపు పరిహారం నేను మిల్లుకు వాడుకున్నాను. ఆ మొత్తం నేను ఆమెకు ఇవ్వవలసి ఉంది.

"ఆయన వకీలు గిది రాయొద్దనే చెప్పి ఉంటడు" అంది అనసూర్య. "అయినా రాయిచ్చిండు."

తారాబాయి చూపు ఆ వాక్యం మీదే ఉంది. అప్పు అనే మాట కింద తన పేరు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన తన గురించి రాసిన మొదటి వాక్యం అదేనేమో అనిపించింది.

ఇక పోట్లాడటానికి పెద్దగా ఏమీ మిగలలేదు. కోర్టు ఇద్దరినీ మీడియేషన్ గదికి పంపింది. అక్కడ కూర్చునే పెద్దవకీలామె ఓపికగా అడిగింది. "ఇద్దరి కాయితాలు చదివిన. ఎవరూ ఏమీ దాచుకోలేదు. గింత నిజాయితీగ ఉన్నోళ్ళు కలిసి ఉండలేరా?"

రాజేశ్వర్‌రావు బల్లమీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చొక్కా ఇస్త్రీ మంచిగా లేదు. "ఆమె వస్తనంటే నాకేం లేదు" అన్నాడు గోడవైపు చూస్తూ. కాసేపటికి ఆమె వైపు తిరిగాడు. "ఆనాడు అందరి ముంగట నవ్వొద్దుండె. నాకు గూడ ఆ ఇల్లు కలల వచ్చేది తారా. చెప్తే ఏమనుకుంటరో అని చెప్పకపోతి. నువ్వు చెప్తే సైసకపోతి."

తారాబాయి ఆయనను నిదానంగా చూసింది. ఆ మాట ఇన్నేళ్ళు ఎక్కడ దాచుకున్నాడో. అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరూ ఒకే కలలో కూర్చొని ఉండేవాళ్ళు. దొడ్డి తలుపు దగ్గర ఆమె, వాకిట్లో ఆయన.

"నాకు మీ మీద కోపం లేదు" అంది. "కలల ఆ ఇంట్ల మీరు గూడ ఉంటరు. ఒక్కోసారి వాకిట్లకెల్లి పిలుస్తరు. గానీ మెలుకువతోని ఆ కొత్తింట్లకు నేను రాలేను. ఆడ నాకు ఊపిరి ఆడది. నేను నా గదిల మంచిగున్న."

ఆయన తల ఊపాడు. బతిమాలలేదు. బతిమాలడం ఆయనకు చేతకాదు, అది ఆమెకూ తెలుసు. దాంతో కేసు ఇద్దరి సమ్మతితో కోరే విడాకుల కేసుగా మారింది. పరిహారం సొమ్ము ఆమెకు ఇచ్చేశాడు. మనోవర్తి ఆమె వద్దంది. వానాకాలం పోయి, చలికాలం వచ్చి, ఆఖరి రోజున జడ్జి గారు ఒక్కొక్కరిని పేరు అడిగి, ఇష్టపూర్వకమేనా అని అడిగి, డిక్రీ ఇచ్చారు. బయట మెట్లమీద విక్రాంత్ ఇద్దరి మధ్యా నిలబడి ఎటు పోవాలో తెలియక చూస్తుంటే, రాజేశ్వర్‌రావే, "అమ్మను కారుల దించిరా పో. నేను నడుసుకుంట బస్టాండ్ దాక పోత" అన్నాడు. అంత దూరం ఆయన నడవగా తారాబాయి ఏనాడూ చూడలేదు. ఆయన వీపు జనంలో కలిసేదాకా చూసింది.

మళ్ళీ వేసవి రాకముందే తీగలగుట్టపల్లి దిక్కు రెండు గదుల పాత ఇల్లు ఒకటి బేరానికి వచ్చింది. ముందు వరండా, వెనక ఇంత ఖాళీ జాగా. పరిహారం సొమ్ము దానికి సరిపోయింది, అనసూర్య కాయితాలు చూసి సరే అంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో జనం కిటకిటలాడుతున్నారు. తారాబాయి వంతు రాగానే కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి వేలు పెట్టమన్నాడు, పెట్టింది. కుర్చీలో కూర్చొని ఎదురుగా ఉన్న కెమెరాలోకి చూడమన్నాడు.

తెరమీద ఫోటో వచ్చింది. ఆమె కళ్ళు మూసుకొని ఉంది.

"అమ్మా, కండ్లు మూసినవ్. మల్ల తీస్త. నా దిక్కే చూడు, జర" అన్నాడు.

కిటికీలోంచి మధ్యాహ్నపు గాలి మెత్తగా వీస్తున్నది. ఎక్కడో ముద్ర కొడుతున్న చప్పుడు వస్తున్నది. తారాబాయి కొంగు సర్దుకొని, వీపు నిటారు చేసుకొని, ఆ చిన్న గాజుకంటిలోకి కళ్ళు విప్పి చూసింది.